ప్రార్థన చాప మీద ఎలుక

సారికా, నీ కూతురు కెజియా ఇక్కడ మా దగ్గర చక్కగా ఆడుకుంటోంది. ఆ మాట ముందు చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

పోయిన నెల ఒక సాయంత్రం మీ నాన్నగారు ఊళ్లో జబ్బుపడ్డవాళ్ల పేర్లన్నీ చెబుతూ ప్రార్థన సాగదీశారు. మేం కళ్లు మూసుకుని ఉండగా మన పిల్లి చేలోంచి ఎలుకను నోట కరుచుకుని తెచ్చి చాప మీద పెట్టింది. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి కెజియా ఆ చచ్చిన ఎలుకను ఒళ్లో పెట్టుకుని జోకొడుతోంది! సబ్బుతో చేతులు కడిగి ఆసుపత్రికి పరిగెత్తాం. “ఎలుక మూత్రం చర్మం మీద గీరుకున్న చోట్ల లోపలికి వెళ్తే జ్వరం రావచ్చండి, నెల్లాళ్లు కనిపెట్టుకుని ఉండండి” అన్నారు డాక్టరుగారు. నెల దాటింది, పిల్ల ఒళ్లు వెచ్చబడలేదు. ముందే చెబితే ఉద్యోగం మానేసి రైలెక్కేస్తావని చెప్పలేదు. ఇప్పుడు ఫోనులో చెబితే చివరిదాకా వినవని ఈ కార్డు రాస్తున్నాను. తిట్టకు.

వచ్చేటప్పుడు రబ్బరు గ్లౌజులు తీసుకురా. పిల్లి తెచ్చినవాటిని మీ నాన్నగారు ఉత్త చేతులతోనే పారేస్తున్నారు. అల్లుడికి దగ్గు తగ్గిందా? పిల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే కెజియా ఏడ్చింది, అందుకని ప్రార్థన వేళకు తలుపులు వేస్తున్నాం. అయినా మీ నాన్నగారు ఒక కన్ను తెరిచే ప్రార్థన చేస్తున్నారు. “దేవుడు ఏమీ అనుకోడులే” అంటారు, మనవరాలి మీంచి చూపు తిప్పకుండా.

మీ ఇద్దరినీ ప్రభువు చల్లగా చూడాలి.

అమ్మ, రూతు