మామయ్య కూర్చున్న కుర్చీలు

1

మామయ్యకి, మేనకోడలు నమస్కరించి రాసేది.

ఇక్కడ నలుగురం బాగానే ఉన్నాం. అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో మీకు సగం వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఒకరికి డెంటల్ కాలేజీలో సీటొచ్చింది. ఒకటి కాదు, రెండు చోట్ల. ఒకటి మీ ఊళ్ళో ఉన్న పాత కాలేజీ. రెండోది మా ఊళ్ళో, బస్ డిపో వెనకాల ఆరేళ్ళ కిందట పెట్టిన కొత్తది. వయసు మీరినవాళ్ళని కూడా ఈ ఏడాది నుంచి తీసుకుంటున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి ఖాయం చేసి కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండూ పోతాయి.

పాతదానికి పేరుంది. కొత్తది ఇంటి నుంచి పావుగంట నడక. చేరబోయే మనిషికి ఇద్దరు పిల్లలు కదా, పెద్దది ఆరో తరగతి, చిన్నవాడు ఒకటో తరగతి. పాతదాంట్లో చేరితే పిల్లల మొహం వారానికోసారి చూడాలి. మా క్లినిక్ డాక్టరుగారిని అడిగితే కళ్ళు మూసుకుని పాతదే అన్నారు. ఆయన చదివింది అక్కడే మరి. నేను పదహారేళ్ళుగా ఆయన పక్కన నిలబడి పరికరాలు అందిస్తున్నాను, ఆయన కళ్ళు తెరిచి ఒక సలహా ఇవ్వడం ఇంతవరకూ చూడలేదు.

మీరు నలభై ఏళ్ళ నుంచి పళ్ళ సెట్లు చేస్తున్నారు. డాక్టరు పంపిన అచ్చు చూసి అతనెక్కడ చదివాడో చెప్పేస్తారు. అందుకని ఎవరినైనా వాకబు చేసి నాలుగు ముక్కలు రాయండి. మీరు మాత్రం స్వయంగా ఎక్కడికీ బయల్దేరకండి.

మీ మేనకోడలు

తా.క.: చిన్నవాడికి ముందు పన్ను ఊడింది. ఇంట్లో ఒకరు పళ్ళ డాక్టరవుతున్నారని విని దాన్ని అగ్గిపెట్టెలో దాచాడు. మళ్ళీ ఎప్పుడు పెడతారని రోజూ అడుగుతున్నాడు.

2

పుర్రచేతి పిల్లకి, మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ‘మా ఇంట్లో ఒకరికి’ అని దాచి రాస్తే నేను కనుక్కోలేననుకున్నావా? నీకే అయితే ‘నాకు’ అని రాసేదానివి. పిల్లలు ఇంకా పాలపళ్ళ దగ్గరే ఉన్నారు. ఇక మిగిలింది అల్లుడు. డిపోలో బస్సుల కింద ఇన్నేళ్ళు పడుకుని, ఈ వయసులో చదువు మీదికి మనసు పోవడం మంచిదే. చెప్పడానికి సిగ్గేసి నీచేత రాయించినట్టున్నాడు. నేనేం నవ్వలేదని చెప్పు. కొంచెం నవ్వాను, అది చెప్పక్కర్లేదు.

నా బెంగల్లా అతని చేతుల గురించి. నిరుడు మా ఇంటికొచ్చినప్పుడు అత్తయ్య తేనె సీసా మూత తీసిపెట్టమంటే, మూతతో పాటు సీసా మెడ కూడా తీసిపెట్టాడు. మనిషి దవడ సీసా అంత గట్టిది కాదు.

కాబట్టి ముందు చెయ్యి చూడాలి. బట్టల సబ్బు ఒకటిచ్చి, కింది దవడ పెద్ద పన్ను చెక్కమను. నీకు పదిహేనేళ్ళప్పుడు నా వర్క్‌షాపులో నేర్పాను చూడు, అదే పద్ధతి. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, చెయ్యి మాత్రం పెట్టకు. దాన్ని నాకు పంపు. పని బాగుంటే కాలేజీ మాట చూద్దాం. బాగోకపోతే డిపోయే మేలు.

వాకబు అన్నావు. కాలేజీ సంగతి వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే తెలియదు, కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే తెలుస్తుంది. నాకు పైదవడలో ఎడంపక్క ఒక పన్ను కదులుతోంది. దాన్ని వెంటబెట్టుకుని వెళ్తాను.

మీ మామయ్య

తా.క.: అత్తయ్య అడగమంటోంది. డాక్టరయ్యాక అల్లుడు నిలబడి పని చేస్తాడా, లేక అలవాటు కొద్దీ మనిషి కింద పడుకుని చేస్తాడా?

3

మామయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. సంతోషించారు. చాలాసేపు సంతోషించారు, చివరికి మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. “ఉన్నమాట రాసెయ్యరాదూ” అని కూడా అన్నారు. రాద్దామనే కూర్చున్నాను గానీ, సగం కాగితం నిండాక ధైర్యం చాలలేదు. ఏం ధైర్యమని అడక్కండి.

సబ్బు పన్ను ఈ పొట్లంలో పంపుతున్నాను. ఎవరు చెక్కారో మీకు తెలుసు కదా, మళ్ళీ నాచేత రాయించకండి. ఆదివారం పొద్దున్న పిల్లలిద్దరూ చుట్టూ కూర్చుని చూశారు. గుంటల దగ్గర కొంచెం లోతు ఎక్కువైందేమోనని నా అనుమానం. చెక్కేటప్పుడు చాకు కాస్త జారింది. ఆయనకి జారింది.

మీరు మాత్రం పాత కాలేజీకి వెళ్ళకండి. మీరు ఆసుపత్రికి వెళ్తే అక్కడివాళ్ళకి జ్వరం వస్తుంది.

మీ మేనకోడలు

తా.క.: పొట్లం కట్టేటప్పుడు చిన్నవాడు ఇంకో సబ్బు ముక్క కూడా లోపల పడేశాడట. అది పన్ను కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

4

పుర్రచేతి పిల్లకి, మామయ్య ఆశీస్సులు.

పన్ను చేరింది. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. బాగుంది. ఇప్పటికి ఇంతకంటే రాయను. రెండో ముక్క కూడా చూశాను. ఆరు పలకలు, మధ్యలో గుండ్రటి చిల్లు. దాన్ని చెక్కినవాడు నట్లు బాగా ఎరిగినవాడు.

ఆ మర్నాడే పాత కాలేజీకి వెళ్ళాను. పెద్ద హాలు, వరసకి పది చొప్పున ఆరు వరసల కుర్చీలు. కుర్చీకొక విద్యార్థి, ముగ్గురికొక మేష్టారు. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టారు. లైటు కళ్ళలో పడుతోందన్నాను. ఇంకో కుర్చీకి మార్చారు. గాలి తగలడం లేదన్నాను. మళ్ళీ మార్చారు. నడుము పట్టేస్తోందన్నాను. ఇలా ఏడు కుర్చీలు మారేసరికి, నా వెంట ట్రే పట్టుకుని తిరుగుతున్న అమ్మాయికి కళ్ళనీళ్ళొచ్చాయి. పెద్ద మేష్టారు వచ్చి, “తాతగారూ, మీరు ఒక్కరే వచ్చారా, ఇంట్లో చెప్పి వచ్చారా?” అని మెల్లగా అడిగాడు. నేను ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిన జవాబు నాకు నచ్చలేదు. అదేమిటో తర్వాత రాస్తాను.

అచ్చు మాత్రం బ్రహ్మాండంగా తీశారు. ఒక్క బుడగ లేదు. పన్ను పీకేస్తామన్నారు, వద్దని లేచొచ్చాను.

ఇంకో పని మిగిలి ఉంది. అది అయ్యాక రాస్తాను. నెలాఖరు దాకా టైముంది కదా, తొందరపడి ఏ కాగితం మీదా సంతకం చెయ్యకు. చెయ్యనివ్వకు.

మీ మామయ్య

తా.క.: నా చీటీ మీద ‘ఈసారి తోడు మనిషితో రావలెను’ అని రాశారు. అత్తయ్య దాన్ని అద్దానికి అంటించింది.

5

మామయ్యకి,

మీరు మొన్న గురువారం మా ఊరొచ్చారు. డిపోలో ఉన్నవాళ్ళందరూ మా ఆయనతో పనిచేసేవాళ్ళే, అది మర్చిపోయినట్టున్నారు. పదిగంటల బస్సు దిగారనీ, డిపో వెనక కాలేజీకి వెళ్ళారనీ, నాలుగు గంటల బస్సెక్కి వెళ్ళిపోయారనీ కండక్టరు చెప్పాడు. కాలేజీ నుంచి మా ఇల్లు పావుగంట. మీకు నెమ్మదిగా నడిచినా అరగంట. గడప తొక్కకుండా వెళ్ళిపోయారు.

అక్కడ కూడా కుర్చీలన్నీ ఎక్కి దిగారట. ఆ కాలేజీలో చదివే అబ్బాయి మా క్లినిక్‌కి వచ్చి, ఒక పెద్దాయనకి మతి స్థిమితం లేదని జాలిగా చెబుతుంటే, నేను పరికరాలు కడుగుతూ తల వంచుకున్నాను.

మీకు తెలిసిపోయిందనీ, అందుకే కోపమొచ్చిందనీ అర్థమైంది. కాబట్టి నేనే రాస్తున్నాను. సీటు మా ఆయనది కాదు, నాది. పన్ను చెక్కింది నేను. ఆయన చెక్కింది నట్టు. మంచి పన్ను పంపకపోతే మీ దగ్గర నేర్చుకున్న చెయ్యి అవమానపడుతుందని, అబద్ధంలో కూడా పని పాడుచెయ్యలేకపోయాను.

‘నాకు’ అని ఎందుకు రాయలేదో వినండి. పదిహేడేళ్ళప్పుడు పళ్ళ డాక్టరు చదువుకి పరీక్ష రాస్తానని అడిగితే, వర్క్‌షాపులో అందరి ముందూ, “ఆ కుర్చీ కుడిచేతివాళ్ళకి చేసింది, నీ పుర్రచేతికి ఏం పని” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళయింది. డాక్టరుగారి పక్కన నిలబడినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. ఇప్పుడు ముప్ఫైతొమ్మిదేళ్ళొచ్చాయి, ఇద్దరు పిల్లలు. మళ్ళీ అదే మాటంటే ఈసారి నవ్వలేనని భయపడ్డాను. అంతే.

మీకు ఇష్టం లేకపోయినా చేరతాను. కానీ ఏ కాలేజీయో ఇప్పటికీ తేలలేదు. పేరున్నదాంట్లో చదవకపోతే ఈ వయసులో నన్నెవరు నమ్ముతారనిపిస్తుంది. చిన్నవాడు నిద్రలో నా చీర కొంగు పట్టుకుంటే ఆ పేరు నాకెందుకనిపిస్తుంది. ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

మీ మేనకోడలు

తా.క.: అత్తయ్యని అద్దం మీది చీటీ తీసెయ్యమనండి. మీ మీద నాకు కోపం ఉంది గానీ అంత లేదు.

6

పుర్రచేతి పిల్లకి, మామయ్య రాసేది.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ఇది నాలుగోది.

నీ మీద నాకు కోపమేమీ లేదు. సబ్బు పన్ను పొట్లం విప్పగానే తెలిసిపోయింది. కత్తి గీతలన్నీ ఎడంచేతి వాలులో ఉన్నాయి. అల్లుడు స్పానర్ పట్టేది కుడిచేత్తో. నలభై ఏళ్ళలో నా దగ్గర ఆ వాలున చెక్కింది ఒక్కర్తే. దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అత్తయ్య వచ్చి, సబ్బు పట్టుకుని ఏడుస్తున్నారేమిటి, కళ్ళలో పడిందా అంది. అవునన్నాను.

ఆ మర్నాడు పాత కాలేజీకి వెళ్ళింది నా పన్ను కోసం కాదు. కుర్చీల కోసం. పరికరాల ట్రే ఎడంవైపుకి వచ్చే కుర్చీ ఒక్కటైనా ఉందేమోనని ఏడింట్లో కూర్చున్నాను. అన్నింటికీ కుడివైపే బిగించేశారు. పుర్రచేతివాళ్ళు చేరితే ఎలాగని పెద్ద మేష్టారిని అడిగాను. “అలవాటు చేసుకుంటారు” అన్నాడు. నాకు నచ్చలేదన్న జవాబు అదే. అది నేను నీతో అన్న మాటకి అన్నదమ్ముడు.

తర్వాత మీ ఊరు వచ్చాను. కొత్త కాలేజీలో ఇరవైనాలుగు కుర్చీలు. మొదటిది చూస్తే అదీ కుడివైపే. నా మొహం వాడిపోవడం చూసి ఒక నర్సమ్మ ఏం కావాలని అడిగింది. చెప్పాను. ఆవిడ కుర్చీ కింద ఏదో మీట నొక్కి, ట్రేని ఒక్క చేత్తో ఎడంవైపుకి తిప్పేసింది. నమ్మకం కుదరక తొమ్మిది కుర్చీలకి తిప్పించాను. తొమ్మిదీ తిరిగాయి.

అయినా ఉన్నదున్నట్టు చెప్పాలి. పాతదాంట్లో మేష్టార్లు ఉద్దండులు. కొత్తదాంట్లో నా అచ్చు తీసిన పిల్లవాడు దాన్నిండా బుడగలు పెట్టాడు. వాళ్ళ మేడం ఏమీ అనకుండా దాన్ని పగలగొట్టి మళ్ళీ తీయించింది. మూడు పగలగొట్టాక నాలుగోది బాగా వచ్చింది. అప్పటికి నా దవడ పడిపోయింది, అది వేరే సంగతి.

ఇంటికి ఎందుకు రాలేదంటే, వస్తే ఫలానా దాంట్లో చేరు అని నోరు జారేవాణ్ణి. నీ బదులు నేను ఒకసారి చెప్పాను, అది చాలు.

ఆ ఒకసారి సంగతి కూడా రాసేస్తాను. పుర్రచేతికి ఆ పని రాదని నేనెప్పుడూ అనుకోలేదు. నీలా మైనం చెక్కే చెయ్యి వర్క్‌షాపులో ఇంకోటి లేదు. నువ్వు చదువుకి పోతే ఆ పని ఎవరు చేస్తారని భయపడ్డాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నెపం కుర్చీ మీద పెట్టాను. రెండేళ్ళు తిరక్కుండా నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయావు. నీ కత్తి ఇంకా మేకుకే వేలాడుతోంది. తప్పు చేశాను. నన్ను క్షమించు.

రెండు చోట్లా నా పన్ను తీసేస్తామన్నారు. మూడేళ్ళు పూర్తయితే గానీ విద్యార్థుల్ని రోగి నోట్లో చెయ్యి పెట్టనివ్వరని తెలుసుకున్నాను. అందుకని కొత్తచోట చీటీ రాయించాను. నిన్న అత్తయ్యని తోడు తీసుకునే మళ్ళీ పాతదానికి వెళ్ళి, అక్కడా రాయించాను. రెండింటి మీదా ఒకటే మాట: ‘మూడేళ్ళ తర్వాత రావలెను. పన్ను తీయవలసిన విద్యార్థి ఇంకా చేరలేదు.’ నువ్వు ఎక్కడ చేరితే ఆ చీటీ ఉంచుకుంటాను.

మీ మామయ్య

తా.క.: పెళ్ళయ్యాక ఈయన దేనికోసమూ మూడు నిమిషాలు ఆగింది లేదు, పన్ను పట్టుకుని మూడేళ్ళు ఆగుతాడట అని అత్తయ్య అంటోంది. అంటూనే నాకు అన్నీ మెత్తగా వండిపెడుతోంది.

7

మామయ్యకి,

పొద్దున్నే వెళ్ళి కాగితం ఇచ్చి వచ్చాను. నేను ఎడంచేత్తో సంతకం చెయ్యడం చూసి ఆ నర్సమ్మ నన్ను కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి ట్రే తిప్పింది. పదహారేళ్ళుగా ఆ ట్రే నుంచి వేరేవాళ్ళకి అందించడమే నాకు తెలుసు. అది నా ఎడంచేతి పక్కకి వచ్చి ఆగితే కాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

క్షమించమన్నారు. నేను ఇరవై రెండేళ్ళు ఉడుక్కున్నాను కాబట్టి ఒక్క ఉత్తరంతో కుదరదు. ఆదివారం అత్తయ్యని తీసుకుని రండి, ఈసారి గడప తొక్కండి. వచ్చేటప్పుడు ఆ మేకుకున్న కత్తి తీసుకురండి.

పాత కాలేజీ చీటీ చింపెయ్యండి. రెండోది జాగ్రత్త.

మీ పుర్రచేతి పిల్ల

తా.క.: ఆ పన్నుతో ఏమీ నమలకండి. ఒకవేళ మూడేళ్ళు ఆగలేక ఊడిపోతే పారెయ్యొద్దని చిన్నవాడు రాయమన్నాడు. అగ్గిపెట్టెలో తన పన్ను పక్కకి జరిపి మీదానికి చోటు ఉంచాడు.