ఆదివారం వెలగని పొయ్యి

గ్లోరీకి,

మామ్మ దీవెనలు. నేను బాగానే ఉన్నాను. ఒక సంగతి నిన్నే అడగాలి.

మీ చీపురుపల్లి ఆఫీసు నుంచి విక్టర్ వచ్చి, పొగ తక్కువొచ్చే పొయ్యి ఉచితంగా ఇచ్చి, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పాత పొయ్యిలో రోజుకు పది కిలోల కట్టెలు, ఏడాదిలో మూడు వందల అరవై ఐదు రోజులూ కాల్చామని అందులో ఉంది. కట్టెలు తూచి వాడడం నా అలవాటు. రోజుకు నాలుగు కిలోలు ఎన్నడూ దాటలేదు.

"ఎవుడు సూడొచ్చినాడు మామ్మా? పొయ్యి ఊరికే ఇస్తన్నారు, సంతకం ఎట్టీ!" అంది పక్కింటి సత్యవతి. నేను వెంటనే పెట్టలేదు. ఊరికే ఎందుకిస్తున్నారని విక్టర్‌ను నిలదీశాను. మనం తగ్గించిన పొగ లెక్కను ఏదో ఫ్యాక్టరీ కొనుక్కుని, దాన్ని చూపించి తన పొగ తాను వదులుతుందట. అంటే మనం కాల్చని కట్టెల పేరు చెప్పి అక్కడ నిజం పొగ పైకి పోతుంది.

తెలియనివాళ్ళెవరో రాశారనుకున్నాను. కానీ ఆ చేతిరాత నీది. మన ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగించరని నీకు తెలియదా? పద్దెనిమిదేళ్ళు శనివారం వండిన అన్నమే తిని ఆదివారం చర్చికి వచ్చావు. నీచేత ఇలా ఎవరు రాయించారు?

సంతకాలు రాకపోతే నీ ఉద్యోగం పోతుందని విక్టర్ అన్నాడు. అందుకే సంతకం చేశాను. కానీ పది కొట్టేసి నాలుగనీ, రోజులు మూడు వందల పదమూడనీ దిద్దాను. ఈ ఉత్తరంతో పంపుతున్న ఆ కాగితం ఆఫీసులో ఇవ్వలేకపోతే ఆదివారం వచ్చి పొయ్యి తీసుకుపో. చద్దన్నం నీకూ ఉంచుతాను.

నీ మామ్మ