రెండు కప్పులకు ఒకే స్లంపు

అల్లుడుగారికి మామ ఆశీస్సులు.

ఇంజనీరు కదా అని కొత్త ఇంటి కాంక్రీటు లెక్కలు మీ చేతిలో పెట్టాను. పెద్దమ్మాయి వాటా, అంటే మీ వాటా, స్లాబుకి స్లంపు వంద రాసుకున్నారు. చిన్నమ్మాయి వాటా ఏటవాలు కప్పుకి యాభై. ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నం పెడితే ఎలా బాబూ? చిన్నల్లుడు చూస్తే ఏమనుకుంటాడు? వానలు రాకముందే కప్పులు పడాలి. వెంటనే దిద్ది పంపండి.

మీ మేలు కోరే
మామ

తా.క. పునాదికి డెబ్బై అయిదు ఇచ్చారు. మట్టిలో పూడ్చేదానికున్న విలువ మా చిన్నదానికి లేదా?

*

మామగారికి నమస్కారాలు.

స్లంపు అంటే పరీక్ష మార్కులు కావండీ. తడి కాంక్రీటుని గరాటులాంటి డబ్బాలో కూరి, డబ్బా ఎత్తేస్తే కుప్ప ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో అది స్లంపు. ఎక్కువైతే జారుడు, తక్కువైతే గట్టి. మా స్లాబులో ఊచలు ఒత్తుగా ఉన్నాయి, ఆ సందుల్లోకి దూరాలంటే వంద కావాలి. చిన్నవాళ్లది ఏటవాలు, జారుడుగా పోస్తే నిలవదు. అందుకని యాభై. దయచేసి అంకెల జోలికి వెళ్లకండి.

మీ
పెద్దల్లుడు

తా.క. మీ ఉత్తరం మీ అమ్మాయి చదివింది. మనకి నూటయాభై ఎందుకు వేయలేదని నాతో మాట్లాడటం మానేసింది.

*

అల్లుడుగారికి,

ఇప్పుడు బోధపడింది. మీ వాటాకి నీళ్లనీళ్లగా, చిన్నవాళ్లకి గట్టిగా. కట్టుకున్న పెళ్లానికి పలచటిది పోయించే మగవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. మీ అత్తయ్య అన్నం ముట్టలేదు. నా కళ్లముందు ఏ కూతురికీ అన్యాయం జరగనివ్వను. రెండూ ఒకటే చేయిస్తాను.

బాధతో
మామ

తా.క. రెండూ యాభయ్యా, రెండూ వందా? చీటీలు వేయమంటారా?

*

మామగారూ, మీకో దండం.

చీటీలు వద్దు. యాభై అయితే మా స్లాబులో తేనెపట్టులా కంతలు పడతాయి. వంద అయితే చిన్నవాళ్ల కప్పు జారి చూరు దగ్గర పోగవుతుంది. ఏది చేసినా ఇల్లు కురుస్తుంది. సోమవారం సెలవు పెట్టి వస్తున్నాను. అందాకా ఎవరూ తట్ట ఎత్తకూడదు.

విసిగిపోయిన
అల్లుడు

తా.క. మీ అమ్మాయి మళ్లీ మాట్లాడుతోంది. పలచటిది ఎందుకు రాశావని.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందేసరికి పోత అయిపోయింది. అందుకే మీరు సోమవారం వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. వందా యాభై కలిపి సగం చేసి, రెండు కప్పులకీ డెబ్బై అయిదు పోయించాను. సెంట్రింగు చెక్కలు విప్పాక చూస్తే మీ స్లాబులో ఊచలు పళ్లికిలిస్తున్నాయి. చిన్నవాళ్ల కప్పు సగం చూరు మీదే ఉంది. నిన్నటి వానకి రెండు వాటాల్లోనూ బకెట్లు పెట్టాను. రెండూ ఒక్కసారే నిండాయి. ఇక నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

రెండూ పగలగొట్టి మీ అంకెల ప్రకారమే మళ్లీ పోయాలట. అయ్యేదాకా నేను, మీ అత్తయ్య, చిన్నమ్మాయి, చిన్నల్లుడు మీరిప్పుడుంటున్న ఇంట్లోనే ఉంటాం. రేపు బయల్దేరుతున్నాం.

తృప్తితో
మామ

తా.క. మీ ఇంట్లో పడకగదులు రెండూ ఒక కొలత కాదని గుర్తు. మధ్య గోడ జరపడానికి మేస్త్రిని వెంట తెస్తున్నాను.