పెరట్లో వదినె

జూలై 6

తెల్లారకముందు నుంచే ముసురు. పెరట్లో అడుగు పెడితే మడమ దాకా దిగుతోంది. అయినా గోడ వారగా చిక్కుడు గింజలు పెట్టాను. బీర పాదుకు మట్టి ఎగదోశాను. సొరకు కట్టెలు పాతాలి — రేపు. ఆయన పొద్దంతా మగ్గం మీదే. చెమ్మకు నూలు మాట వినడం లేదని, జంపఖానా అంచు వంకర పోతోందని తిట్టుకుంటున్నారు.

సాయంత్రం కొడుకు రమేశ్ ఆటోలో వాళ్ల అత్తను తీసుకొచ్చాడు. పాలకుర్తి అవతల ఊళ్లో ఆమె ఒక్కతే ఉంటుంది. వానకు ఇంటి మట్టిగోడ కూలిందట. కోడలు స్వప్న అప్పటికే తమ గది పక్కన మంచం వేసి, దుప్పటి పరిచి ఉంచింది. నాకు ఎవరూ చెప్పలేదు.

"గోడ లేసేదాంక జర నాలుగు రోజులు, వదినే."

"ఫికర్ చెయ్యకుండ్రి. ఉండుండ్రి."

కొడుక్కి పిల్లనిచ్చిన మనిషి. ఇంకేం అంటాను.

జూలై 8

వదినె వయసులో నాకన్నా చిన్న. నేను మీరు అంటున్నాను. ఆమె నువ్వు అంటోంది.

జూలై 21

ఎండ, ఉక్క. కలుపు తీద్దామని పెరట్లోకి పోతే కలుపు లేదు. నేను చల్లిన తోటకూర కూడా లేదు. మొలకలు బెత్తెడెత్తు వచ్చి ఉండె...

"గడ్డి అనుకున్న. అంత సన్నగ ఎవలు సల్లుతరు, వదినే?"

వాళ్ల ఊళ్లో సాళ్లు పెడతారట. ఈ ఊళ్లో చల్లుతారని చెప్పాను. "గందుకే గిట్లున్నది," అంది.

ఆగస్టు 2

అన్నం దగ్గర ఆయన, వదినె గురించి — "చెల్లె పులుసు మంచిగ జేసింది."

ఇన్నేళ్లలో నా పులుసు గురించి ఒక్క మాట అన్న గుర్తు లేదు.

ఆగస్టు 25

విత్తనానికని బీర తీగ మీద ఒక కాయ వదిలాను. మొదటి కాపు, నిటారుగా, సొట్ట లేకుండా ఉన్నది. గుర్తుకు ఎర్ర నూలు పోగు కట్టాను. ఏటా అదే చేస్తాను. ముదిరి, ఎండి, ఊపితే గలగలమనేదాకా దాన్ని ఎవరూ ముట్టరు.

ఈ పూట కూరలో అదే.

"నూలు ఊకె కట్టినవనుకున్న. ముదురుతాంది గదాని కోసిన."

"విత్తనం కాయ అది."

"ఇత్తనాలు దుకాణంల దొరుకుతయి గదా, అత్తమ్మా," అంది స్వప్న. దానికి ఈ మధ్య తల్లి మాటకు వెనక నిలబడడం అలవాటైంది.

నేను కూర తినలేదు. ఆయన రెండుసార్లు వేయించుకున్నారు.

సెప్టెంబర్ 11

మగ్గం మీద మిగిలిన నూలుతో మధ్యాహ్నాలు చట్రం మీద ఆసనాలు అల్లుకుంటాను. కూర్చోవడానికి. అమ్మేది లేదు, చేతులు ఊరికే ఉండవని. నీలం, పసుపు చారలది పోయిన వారం అయింది. ఇవాళ చూస్తే స్నానాల గది ముందు పడి ఉంది, తడిసి.

"కాళ్లు తుడుసుకోను మంచిగ పనికొచ్చింది, వదినే."

తీసి ఉతికి ఆరేశాను. సాయంత్రానికి మళ్లీ అక్కడే ఉంది. మళ్లీ తీశాను.

సెప్టెంబర్ 12

మళ్లీ అక్కడే.

సెప్టెంబర్ 13

నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

అక్టోబర్ — సద్దుల బతుకమ్మ నాడు

పెరట్లో బంతి విరగబూసింది. నేను లేచేసరికి స్వప్న అన్నీ కోసేసింది. వాళ్లమ్మ చూపిస్తుంటే తాంబాళంలో పేర్చింది. నా బతుకమ్మకు గునుగు మిగిలింది, దారి పక్కన తెచ్చిన తంగేడు మిగిలింది. వాడకట్టులో అందరూ స్వప్నదే చూశారు. "మీ కోడలు చెయ్యి సక్కనిది," అన్నారు. ఊఁ అన్నాను.

అక్టోబర్ 30

వదినె పెట్టిన సొర నాదానికన్నా ముందు కాసింది. కాయలు పెద్దవి కూడా.

రాయాలి కాబట్టి రాశాను.

నవంబర్ 17

చలి మొదలైంది. రమేశ్ ఆదివారం పాలకుర్తి దిక్కు పోయి చూసి వచ్చాడు. గోడ లేచిందట. ఇంక కప్పు వేయాలట.

"అయితే ఎన్నడు పోతదట?" అని అడిగాను. వంటింట్లో, మెల్లగా. వాడు నీళ్లు తాగి గ్లాసు పెట్టి పోయాడు. స్వప్న వింది.

"అత్తమ్మా, ఒక్క మాట. మా అమ్మ ఒక్కతే ఆ ఇంట్ల ఉండది. నేను ఉండనియ్య. అమ్మ ఇక్కడికెల్లి పోతే నేను గూడ పోత. కాజీపేటల మీ కొడుకు ఇల్లు సూసి పెట్టిండు. రైలు షెడ్డుకు దగ్గర."

"వాడు సూసిండా?"

"అడగండ్రి."

అడగలేదు. వాడికి రైల్వే నౌకరీ వచ్చిన రోజు నుంచి ఆ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తూనే ఉన్నాను. వదినె పోతే పెరడు నాకు వస్తుంది. కొడుకు పోతాడు. లెక్క అంతే.

డిసెంబర్ 9

చింతకాయ వచ్చింది. పొద్దున్నుంచి దంచాను. వదినె దగ్గరికి వచ్చి రోకలికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సగం దంచుత, ఇటియ్యి."

"వద్దు."

"భుజం గుంజుతాంది నీకు. కనవడుతాంది."

"వద్దన్న గదా."

భుజం నిజంగానే గుంజుతోంది. మొత్తం నేనే దంచాను.

డిసెంబర్ 28

మిద్దె మీద వంకాయ ఒరుగులు ఎండబెట్టాను, ఒక మూల. ఇంకో మూల ఆమె కాకర చక్రాలు. మంచు పడుతుందని సాయంత్రం నావి దింపుకున్నాను. ఆమెవి దింపలేదు. పొద్దునకు మెత్తబడి ఉన్నాయి. తిప్పుకుంటూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

జనవరి 30

పండుమిరప తొక్కు. గింజలు తీసేసరికి మోచేతుల దాకా మంట. స్వప్న టీవీ చూస్తోంది. వదినె గిన్నెలో నూనె తెచ్చి నా పక్కన పెట్టింది.

"రాసుకో. మంట గుంజుతది."

రాసుకోలేదు. ఆమె గడప దగ్గరే నిలబడి చూసింది.

"గింత పంతమేంది, వదినే, నూనె కాడ?"

పడుకునేదాకా చేతులు మండుతూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 22

మగ్గానికి పోగులు సరిచేయాలి, అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాకు జ్వరం. వదినె పట్టుకుందట. ఆయన వచ్చి మంచం దగ్గర చెప్పారు — "చెల్లెకు పని దెలుసు. సెప్పనక్కరలేదు."

"అయితే ఆమెనే పెట్టుకో," అన్నాను.

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 15

ఎండలు ముదిరాయి. బోరు సన్నగా పోస్తోంది. పొద్దున ఆమె బకెట్లు, సాయంత్రం నావి. ఆమె నీళ్లు గోరుచిక్కుడుకు, పొదీనాకు. నావి మిగతావాటికి. ఎవరూ పంచి ఇవ్వలేదు, పెరడు దానంతట అదే రెండయింది. మధ్యలో నిమ్మచెట్టు ఇద్దరిదీ. దానికి ఇద్దరం పోయడం లేదు. ఆకులు ముడుచుకున్నాయి.

ఏప్రిల్ 4

కప్పు కూడా వేశారట. రేకులు. ఈ సంగతి ఆయన ద్వారా తెలిసింది. ఆయనకు రమేశ్ చెప్పాడు. నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. వదినె పుంటికూర గింజలు పెట్టుకుంది. సాళ్లు తీసి.

మే 15

మామిడికాయలు తెచ్చారు ఆయన, పుల్లటివి, గట్టివి. కత్తిపీట మీద ఆయనే ముక్కలు కొట్టారు. స్వప్న జీడి తీసి గుడ్డతో తుడిచింది. కారం నేను పట్టించి పెట్టాను, ఆవపిండి కూడా. రాళ్ల ఉప్పు ఎండలో పోసి దంచడం వదినె. ఏటా వాకిట్లో నేను ఒక్కదాన్నే కలిపేదాన్ని. ఈసారి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

మా ఇంట్లో తొక్కు కలిపేటప్పుడు మాట్లాడరు, రుచి చూడరు. తుంపర పడితే, ఎంగిలి తగిలితే ఆగదని. వాళ్ల ఇంట్లోనూ అదే పట్టింపట. ఒక్కదాంట్లో కలిశాం.

ఆమె ముక్కలు పోసింది, నూనె పోసింది. నేను చెయ్యి పెట్టి కలిపాను. జాడీలకు ఎత్తి, మూతికి గుడ్డ కట్టాం. అంతసేపూ నోరు విప్పలేదు. ఎవరైనా చూస్తే అక్కాచెల్లెళ్లు అనుకుంటారు.

మే 17

మూడో నాడు తిరగకలపాలి. గుడ్డ విప్పగానే బుస్సుమంది. పైన నురగ. ముక్క వేలికి మెత్తగా తగిలింది. రెండో జాడీ కూడా అంతే. ఆయన లేచి వచ్చి వాసన చూశారు.

"తొక్కు వెట్టిన్రా, కల్లు వెట్టిన్రా?"

ఎవరూ నవ్వలేదు.

వంటింట్లోకి పోయి చూశాను. బియ్యం డబ్బా పక్కన పళ్లెం మూత వేసిన గిన్నె. పళ్లెం తీస్తే దంచిన ఉప్పు నిండుగా, చెంచా కూడా దిగకుండా. తెచ్చి వాకిట్లో ఆమె ముందు పెట్టాను.

"కారంల కలిపిన్రనుకున్న," అన్నాను.

"దంచుడు నా పని. కలుపుడు నీ పని. చెయ్యి ఎవలు వెట్టిన్రు?"

"కూసున్నవ్ గదా ఎదురుంగ. నోరు లేదా నీకు?"

"తొక్కు కాడ నోరు తెరుస్తరా, వదినే?"

"పొయ్యకముందుకు తెరువచ్చు గదా."

"నువ్వు తెరిసినవా?"

స్వప్న మధ్యలోకి వచ్చింది — "మా అమ్మనే అంటాన్రు. కలిపింది మీరు."

నిజమే, కలిపింది నేను. చేతికి ఉప్పు తగలలేదని నాకు తెలియాలి. ఆ రోజు నేను చూసింది ముక్కలను కాదు, ఆమెను. ఆమె ఎటు చూస్తోందో, ఎంత నూనె పోస్తోందో...

రెండు జాడీలూ పెరట్లో గుంత తీసి పోశాను. సంవత్సరం తొక్కు. వీధి దాకా పుల్లటి వాసన.

మే 22

వాడకట్టులో తెలిసింది. "ఇద్దరాడోళ్లు ఉండి ఉప్పెయ్యలేదట." నవ్వుతున్నారు. ముప్పూటలా నీళ్ల దగ్గర అదే మాట.

మే 23

పెట్టె తీశాను. ఆకుపచ్చ నేతచీర, మడత విప్పనిది. దాని మీద జాకెట్టు గుడ్డ. పళ్లెంలో పెట్టాను.

చుట్టం పోతానన్నాక పెట్టేది చీర. పోతాననకముందే పెడితే దాని అర్థం ప్రతి ఇంట్లో తెలుసు. తెలిసే పెట్టాను.

వదినె వసారాలో బియ్యం ఏరుతోంది. పళ్లెం ముందు పెట్టాను.

"ఇంటి మీద రేకులు గూడ పడ్డయట గదా, వదినే."

చీర వంక చూసింది. చేట పక్కన పెట్టలేదు.

"రంగు మంచిగున్నది," అంది. మళ్లీ బియ్యం ఏరుకుంది.

స్వప్న తలుపు దగ్గర. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

మే 23, మళ్లీ

ఆయన — "ఏం పని జేసినవే?"

"ఎవలో ఒకలు సెప్పాలె గదా."

"సెప్పుడు వేరు. చీర వెట్టుడు వేరు."

రమేశ్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "అమ్మా, ఆ పళ్లెం తియ్యి. తప్పయిందని ఒక్క మాట అను. నేను స్వప్నకు సెప్పుకుంట."

"అనను."

"నా కోసం అను."

"ఆమె నన్ను ఏమన్నదో అడిగినవా రా ఒక్కనాడన్న?"

"తొక్కు కోసం ఇల్లు పగులగొడ్తవా?"

తొక్కు కోసం కాదు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడి నుంచి చెప్పాలి. తోటకూర నుంచా. వాడు వినేవన్నీ వాడికి చిన్నవి.

పళ్లెం తీయలేదు. ఆమె తీయలేదు. రాత్రి పిల్లి పక్కనుంచి నడిచిపోయింది.

మే 24

ఎండ. గాలి లేదు. రమేశ్ పొద్దున్నే డ్యూటీకి పోయాడు. వంట ఎవరూ చేయలేదు. మధ్యాహ్నం ఆయన హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చారు. నాలుగు పొట్లాలు విడివిడిగా కట్టించుకుని.

వదినెతో ఒక మాట అందామని పెరట్లోకి పోయాను, సాయంత్రం. ఉండుండ్రి అని కాదు. ఏమనాలో అనుకోలేదు. గోరుచిక్కుడు దగ్గర వంగి ఉంది. అడుగుల చప్పుడుకు తల ఎత్తలేదు.

"నీళ్లు అయిపోయినయి, వదినే. ఇయ్యాల నీ వాటికి రావు."

తిరిగి వచ్చేశాను.

మే 25

పొద్దున మబ్బు పట్టింది, పడలేదు. వదినె తన పాదులకు నీళ్లు పోసుకుంది. నావాటికి పోయలేదు. ఎనిమిదింటికి ఆటో వచ్చింది. ఆయన సంచి మోసి ఇచ్చారు. ఆమె ఆయనతో "పోయొస్త అన్నా" అంది. నాతో అనలేదు. నేను గడప దాకా వెళ్లాను, దిగలేదు. చీర పళ్లెంలోనే ఉంది.

స్వప్న అదే ఆటోలో ఎక్కింది, రెండు బ్యాగులతో. ముందు పాలకుర్తి, ఆ తర్వాత కాజీపేట అని ఆయనకు చెప్పిందట.

రమేశ్ సాయంత్రం వచ్చాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. చెయ్యి కడుక్కుని గదిలోకి పోయి బట్టలు సర్దుకున్నాడు. మంచం, బీరువా ఉంచాడు. ఆదివారం వస్తావా అంటే "సూద్దాం" అన్నాడు. గదికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. ఏడింటికి వెళ్లాడు.