పైలట్ లేకుండా వచ్చిన ఓడ

ప్రియమైన శ్రీమతికి,

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అమ్మ కట్టుడు పళ్లు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతికిస్తోంది. అమ్మాయి లెక్కల్లో తప్ప అన్నింటిలోనూ బాగానే ఉంది. ఆ పొరుగుదేశపు ఆసుపత్రి ఉద్యోగంలో రోగులతో పాటు నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

"అంత పెద్ద దేశంతో మనకెందుకు పేచీ? వాళ్ల ఓడని వాళ్లే తెచ్చుకుంటామంటే మీకేం పోయింది?" అని అడిగావు. మన రేవులోకి ఏ విదేశీ ఓడ వచ్చినా మన పైలట్ ఎక్కి దారి చూపించాలి. అది మన చట్టం. మనకున్న సైన్యం ఎంతో నీకు తెలుసు. పెద్దవాళ్లు గడప దగ్గర ఆగి, మనల్ని అడిగి లోపలికి రావడంలోనే మన మర్యాదంతా ఉంది. నువ్వున్న దేశం మనకంటే చిన్నది. మేం మెత్తబడితే రేపు అక్కడి రేవువాళ్లు ఏ ముఖం పెట్టుకుని కాదంటారు?

ఆ పెద్ద దేశంవాళ్లు మనకు క్రేన్లిచ్చిన మాట నిజమే. చర్చల్లో వాళ్ల దౌత్యాధికారి ఆ సంగతి మూడుసార్లు గుర్తుచేశాడు. మా రేవు అధికారి తాపీగా, "ఇచ్చారు, థ్యాంక్స్ చెప్పాం. దానికి రేవు తాళాలు అడిగితే ఎలాగండీ?" అన్నాడు. పిసినారి మనిషే గానీ ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నా మోకాలి గురించీ అడిగావు. ఇన్నాళ్లూ బాగుందనే రాశాను. బాగాలేదు. అసలు సంగతి అక్కడే ఉంది, కోప్పడకుండా చదువు.

పోయినేడు వాళ్ల ఓడకి పైలట్‌గా వెళ్లినప్పుడు దాని తాడు నిచ్చెన ఎక్కలేక పడవలోనే కూర్చుండిపోయాను. కెప్టెన్ పైనుంచి, "శ్రమపడకండి, దారి మాకు తెలుసు" అన్నాడు. బతుకుజీవుడా అనుకుని వెనక్కొచ్చి, నేనే ఎక్కి తెచ్చినట్టు రేవు పుస్తకంలో సంతకం పెట్టేశాను.

చర్చల్లో వాళ్లు దాన్నే బయటికి తీశారు. "కిందటేడు పైలట్ లేకుండానే వచ్చాం. మీరు ఒప్పుకున్నారు కదా" అన్నారు. మావాళ్లు నా సంతకం చూపించి, అలా జరగలేదని గట్టిగా వాదించారు. నేను వెనక వరసలోనే కూర్చున్నాను. నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది. కానీ వాళ్లు రుజువు తెస్తే దేశమే అబద్ధమాడినట్టవుతుంది, ఆ తర్వాత మన మాట ఎవరూ వినరు.

లేచి నిలబడ్డాను. "వాళ్లు చెప్పింది నిజమండి. నేను ఎక్కలేదు. ఎక్కినట్టు అబద్ధం రాశాను. తప్పు నాది. ఆ చట్టాన్ని వదులుకునే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. నేను బద్ధకిస్తే దేశం ఒప్పుకున్నట్టు కాదు" అన్నాను.

వాళ్ల దౌత్యాధికారి నా మాటలు రాసుకుని, తమ ప్రభుత్వానికి చెప్తానని లేచాడు. మూడోనాడు వాళ్ల ఓడ రేవు బయట ఆగి, పైలట్‌ని పంపమని రేడియోలో అడిగింది.

నా లైసెన్సు రద్దయింది. ఇక ఆఫీసులో కుర్చీ పనే. పాతికేళ్లలో మొదటిసారి ఓడ రావడం ఒడ్డు మీద నిలబడి చూశాను. ఏడుపొచ్చింది, నీ దగ్గర దాచను. నేను కాకపోతేనేం, ఆ నిచ్చెన ఎక్కుతున్నది మన మనిషే.

ఇట్లు,
ఏడాదిగా నీకు అబద్ధం రాసి, ఈ రోజుతో మానేసిన
నీ మొగుడు