ఒకే లేబుల్, ముగ్గురు ఆడవాళ్ళు

ఫిబ్రవరి 4
మా అమ్మాయి మేఘన మొదటి రెజ్లింగ్ మ్యాచ్ ఖాయమైంది. మార్చి ఏడు, క్లబ్బు వార్షికోత్సవం రోజున. పిల్ల కాలు నేల మీద నిలవడం లేదు.
పాత పోస్టర్లతో హాల్లో చరిత్ర బోర్డు పెట్టే పని కోచ్ డెక్లన్ నాకు అంటగట్టాడు. ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను కాబట్టి కాగితాలు నాకు కొట్టిన పిండి అట.

ఫిబ్రవరి 8
పెట్టెడు పోస్టర్లు. మగవాళ్ళ పేర్లు అరచేయంత అక్షరాల్లో. అడుగున, ఇరుకులో – 'లేడీస్ కూడా'. కొన్ని ఊళ్ళలో అసలు రింగ్‌లోకే రానిచ్చేవాళ్ళు కాదట.
ఒక్క ఆడపేరు మాత్రం తొమ్మిదింటి మీద ఉంది. రెడ్ బ్రిజిడ్. 'ఇరవై ఏళ్ళు ఏలిన రాణి' అని కింద రాశాను.

ఫిబ్రవరి 15
రెడ్ బ్రిజిడ్ మా ఊళ్ళోనే, పోర్ట్‌లీష్‌లోనే ఉంది! అసలు పేరు మౌరీన్. ఎనభై దాటాయి.
బోర్డు ఫోటో చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగు పోస్టర్ల మీద వేలు పెట్టింది. ఇవి నేను. మిగతావి నేను కాదు, అంది.
ఆవిడ మోకాలు పోయాక ప్రమోటర్ అదే ఎర్ర విగ్గు, అదే పేరు ఇంకో అమ్మాయికి ఇచ్చాడట. తర్వాత మరో అమ్మాయికి. జనం గుర్తుపట్టలేదా అంటే నవ్వింది. "దే వర్ లుకింగ్ ఎట్ ద విగ్, లవ్."

ఫిబ్రవరి 16
సిగ్గుగా ఉంది. ఫ్యాక్టరీలో ఒక లాట్ సరుకు లేబుల్ ఇంకో లాట్ మీద పడితే లైన్ ఆపేస్తాం, డబ్బాలన్నీ వెనక్కి రప్పిస్తాం. ఇక్కడ ముగ్గురు మనుషులకి ఒకే లేబుల్ అంటించారు. ఎవరూ ఏదీ ఆపలేదు. నేనూ చదివి నమ్మేశాను.

ఫిబ్రవరి 19
ముగ్గురి పేర్లూ రాద్దామన్నాను. డెక్లన్ భుజాలెగరేశాడు. ఒక్క రాణి కథైతేనే జనానికి ఎక్కుతుందట. "ఇట్స్ ఓన్లీ షోబిజ్, సరితా." ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 20
రెండో ఆవిడ ఐలీన్. ఊరు డండాక్. ఇప్పుడు లేదు. మూడో ఆవిడ పేరు మౌరీన్‌కి కూడా తెలియదు.

ఫిబ్రవరి 26
ఇదా సంగతి!
అద్దం ముందు మేఘన, నెత్తిన ఎర్ర విగ్గు. "అమ్మా, ఐ యామ్ ద న్యూ రెడ్ బ్రిజిడ్! డెక్లన్ గేవ్ మీ ద నేమ్!"
"నీ పేరుకేమైంది? మంచిగ లేదా?"
"నోబడీ కెన్ సే ఇట్. ఇట్స్ యాన్ ఆనర్, అమ్మా."
మూడక్షరాలు. పలకలేరట!
మధ్యలో మా ఆయన – "నువ్వు ఊకో సరితా. పిల్ల సంబురంల ఉన్నది."
ఊకోను.

మార్చి 1
మౌరీన్ అయినా నచ్చజెబుతుందని మేఘనని తీసుకెళ్ళాను. ఆవిడేమో ముందు విగ్గు సరిచేసి, పిన్నులు ఎక్కడ పెట్టాలో చూపించింది! నాకు ఏడుపొచ్చింది.
తర్వాత నెమ్మదిగా అడిగింది. కొన్నేళ్ళు పోయాక నీ పోస్టర్ మీద ఉన్నది నువ్వేనని ఎవరు చెబుతారు?
"అమ్మ," అంది మేఘన.
మా అమ్మా చెప్పేది, అంది మౌరీన్. ఆ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది.

మార్చి 4
మేఘనకి పదిహేడే. అనుమతి ఫారం మీద నా సంతకం కావాలి. రింగ్ పేరు గడి డెక్లన్ ముందే నింపి పంపాడు. అడ్డంగా ఒక్క గీత కొట్టాను. పక్కన తేదీ, పొట్టి సంతకం – ఫ్యాక్టరీలో తప్పు దిద్దే పద్ధతి. 'మేఘన' అని రాయబోయి ఆగాను. పిల్లని అడగకుండా నేనూ లేబుల్ అంటిస్తున్నానా?

మార్చి 6
రేపే. పొద్దున ఫారం, పెన్ను పిల్ల ప్లేటు పక్కన పెట్టాను. "నువ్వే రాయి బిడ్డా."
చేయి అడ్డం పెట్టుకుని రాసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. ఏం రాశావంటే – "యూ'ల్ హియర్ ఇట్ టుమారో."
మైకులో ఏ పేరు పిలిచినా నేను మాత్రం మేఘనా అనే అరుస్తాను. గొంతు పోయినా సరే. అంత గోలలో దానికి వినిపిస్తుందా…