మందు అంటే ఆ మందు కాదు

నార్సింగి, 4వ తేదీ

రేవతీ, ఇక్కడ ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం. నీ కొడుకు నీతో ఫోనులో ఉండగానే పక్కవాడితో "పదిహేనో తేదీ మందు వస్తాది" అన్నాడని, తాగుడు మరిగాడని ఏడ్చావు. పొరబాటు. అది సీసాలో మందు కాదు, తుపాకీ మందు. తాగుడైతే నాకింత భయం ఉండేది కాదు.

షూటింగ్ పోటీల పిస్టల్‌కు తూటాలు కొనలేక, కాల్చేసిన ఖాళీ తొడుగులు ఏరుకొచ్చి ఇంట్లోనే నింపుతాడట. తూటాలు నొక్కి బిగించే సెకండ్‌హ్యాండు ప్రెస్సొకటి తెచ్చి నిన్న గ్యాస్ పొయ్యి పక్కనే బిగించాడు. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ముందు పొయ్యి ఆర్పేశాను.

"సగం ఖర్చు మిగుల్తాదవ్వా. వీడియోలన్నీ చూసినా."

"చూపించినోనికి పది వేళ్ళూ ఉండాయా?"

"కొలత తప్పకుంటే ఏం గాదులేవ్వా."

"మరి లైసెన్సు?"

"పిస్టల్‌కుంది గదా!"

"నింపేదానికి?"

బోల్టు ఇంకాస్త బిగించాడు.

ఫోను చేస్తే పక్కగదిలోంచి వింటాడని ఈ కార్డు. అల్లుడు బీపీ మాత్ర వేసుకున్నాకే చదివి వినిపించు. ఇద్దరికీ నా దీవెనలు. వాడు అవ్వ మాట వినడు, రబ్బరు స్టాంపు మాటైతే వింటాడు. పిస్టల్ లైసెన్సు ఇచ్చింది మీ కడపలోనే కనుక సోమవారం కలెక్టరాఫీసుకు వెళ్ళి, ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా అని అడుగు. కూడదంటే ఆ మాటే కాగితం మీద రాయించి, ముద్ర వేయించి, పదిహేనుకు ముందే అందేలా స్పీడ్‌పోస్టు చెయ్యి. వాడి ఆఫీసు అడ్రసుకు కాదు, ఇంటికి; నా కళ్ళముందే విప్పాలి.